కొబ్బరితోటలో ఎంచిన రంగు

కాట్రేనికోన రొయ్యల రైతు నాగబాబు రెండే సీట్లున్న తెల్లటి స్పోర్ట్స్ కారు కొన్నాడనీ, దాని లోపలి సింగారం అమలాపురం నల్లవంతెన దగ్గరున్న కనకరాజు షాపుకి అప్పగించాడనీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ముప్పై ఏళ్ళు ఆటోలకీ ట్రాక్టర్లకీ సీట్లు కుట్టిన కనకరాజు చేతులు ఈమధ్య వణుకుతున్నాయి. అందుకని పని కోడలు వెంకటదుర్గ మీద పడింది. "ఈ కారు సీట్లు నిలబడితే షాపు నీది. లేకపోతే ఒకటో తారీకున సెల్‌ఫోన్ల వాడికి తాళాలిచ్చేస్తాను. నువ్వు మళ్ళీ జాకెట్లు కుట్టుకుందువుగాని" అని మామగారు తేల్చి చెప్పేశారు. రెండు రోజులు కష్టపడి ఆమె మొదటి సీటు పూర్తి చేసింది. సోమవారం పొద్దున్న దుప్పటి తీసి చూపించింది. నాగబాబు చూసిన మరుక్షణమే "ఇది నేను చెప్పిన రంగు కాదమ్మా" అన్నాడు.

సీటు గుమ్మంలో ఉంది. పొద్దుటి ఎండ సరిగ్గా దాని మీదే పడుతోంది. తెల్లటి కారు పక్కన అది భగ్గుమని వెలుగుతోంది.

"ఇది బంతిపువ్వు రంగు. నేను చెప్పింది కుంకుడుకాయ రంగు. మీ మామగారి ఎదురుగానే చెప్పేను" అన్నాడు నాగబాబు. మనిషికి కోపం రావడం తక్కువ. అందుకే ఆ గొంతు విని వెంకటదుర్గకి ఇంకా భయం వేసింది. "మా అమ్మ చూస్తే ఏమంటుందో తెలుసా? కారు కొన్నావా, సన్యాసం పుచ్చుకున్నావా అంటుంది. ఇందులో కూర్చుంటే నా చేతిలో కమండలం ఒక్కటే తక్కువ."

"బాబుగారూ, కొంచెం కూర్చోండి. మజ్జిగ తెప్పిస్తాను" అన్నాడు కనకరాజు.

"మజ్జిగ కాదండీ. ఈ రంగు ఎంచడానికి నేనెంత బాధపడ్డానో మీకేం తెలుసు? పసుపంటే ఒక పార్టీ. ఎరుపంటే ఇంకో పార్టీ. నీలం, ఆకుపచ్చ అసలే వద్దన్నారు ఊళ్ళోవాళ్ళు. ఏ జెండాకీ లేని రంగు కదా అనీసి కుంకుడుకాయకి వచ్చేను. ఇప్పుడీ సీటు చూస్తే ఎలక్షన్లు రాకుండానే నాకు టిక్కెట్టు ఇచ్చేస్తారు."

ఇంకో సమయంలో అయితే వెంకటదుర్గ నవ్వేది. ఆమె శాంపిళ్ళ పుస్తకం తెచ్చి నలభై ఏడో ముక్క తీసింది. సీటు మీద పెట్టింది. రెండూ ఒకటే. ముక్క ఎక్కడుందో, సీటు ఎక్కడుందో తెలియనంతగా కలిసిపోయాయి.

"చీటీలో ఉన్న నంబరేనండి. మావయ్యగారు రాసిందే."

"నంబర్లు నాకు తెలీదమ్మా. నేను వేలు పెట్టి చూపించింది రంగు."

ఆమె మామగారి వైపు చూసింది. ఆయన తన పక్షాన ఒక్కమాట అంటారని ఆశపడింది. కనకరాజు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నేనూ అక్కడే ఉన్నానమ్మా. అబద్ధం ఎలా ఆడను? బాబుగారు చూపించింది ఇది కాదు. కుంకుడుకాయే. నంబరు రాసేటప్పుడు పేజీ తిరిగిపోయిందేమో. నా చేతులు చూస్తున్నావుగా."

ఆ మాట అంటూ ఆయన రెండు చేతులూ లుంగీ మడతల్లోకి దాచుకున్నాడు.

వెంకటదుర్గకి ఒకటి అర్థమైంది. తాను ఊరుకుంటే చాలు, తప్పు ఆ చేతులది అయిపోతుంది. మామగారు పెద్దవారు కదా అని నాగబాబు జాలిపడి క్షమిస్తాడు. తన పనితనానికి మచ్చ రాదు. కాని ముప్పై ఏళ్ళు అన్నం పెట్టిన చేతుల్ని ఆయన ఇలా దాచుకుంటుంటే చూస్తూ ఊరుకోవడం ఏ పుణ్యం కిందికి వస్తుంది? గోడమీద ఆంజనేయస్వామి పటం వైపు చూసింది. స్వామి ఎప్పటిలాగే కొండ మోస్తున్నాడు. ఎవరి బరువు వాళ్ళు మోసుకోవాలి కాబోలు అనుకుంది.

"బాబుగారండీ, ఒక్క పని చెయ్యండి. ఈ పుస్తకంలో మీ కుంకుడుకాయ ఎక్కడుందో నాకు చూపించండి."

నాగబాబు పుస్తకం తీసుకున్నాడు. పేజీలన్నీ తిప్పాడు. మళ్ళీ మొదటినుంచి వేలు తడిచేసుకుని ఒక్కొక్కటే తిప్పాడు. మట్టి రంగుంది, ఇటుక రంగుంది, కాఫీ గింజ రంగుంది. కుంకుడుకాయ లేదు.

"అదేంటండీ, ఇద్దరం చూసేం కదా?" అన్నాడు కనకరాజుతో.

"ఆయ్. చూసేం" అన్నాడు కనకరాజు. ఆయన ముఖంలో కూడా అయోమయమే.

"ఎక్కడ కూర్చుని చూసేరండి?"

"ఇంకెక్కడ? మా తోటలో. భోజనాలయ్యేక కొబ్బరిచెట్ల కింద మడతమంచం వేయించేను. చల్లగా ఉంటుంది కదా అని."

వెంకటదుర్గ ఎనిమిదేళ్ళు జాకెట్లు కుట్టింది. ఆ పని ఏమీ నేర్పలేదని మామగారి అభిప్రాయం. కాని మ్యాచింగ్ గుడ్డ కొనడానికి వెళ్ళిన ఏ ఆడమనిషీ కొట్లో లైటు కింద చూసి నమ్మదు. చీర చంకన పెట్టుకుని, గుడ్డ పట్టుకుని, కొట్టువాడు గొణుగుతున్నా సరే వీధిలోకి వచ్చి ఎండలో చూస్తుంది. రంగు నీడ లేని ఎండలోనే తేలుతుంది. ఆ సంగతి అమలాపురంలో ప్రతి ఆడపిల్లకీ తెలుసు. పాపం, ఈ ఇద్దరు మగవాళ్ళకీ ఎవరూ చెప్పలేదు.

"సీటుని మీ తోటకి తీసుకెళ్దామండి" అంది.

"ఇంత బరువు సీటునా?"

"ఆయ్. ఇప్పుడే."

ట్రాలీ ఆటో పిలిచారు. గతుకుల్లో సీటు పడిపోకుండా ఎవరో ఒకరు పట్టుకోవాలి. పట్టుకోవడం కంటే కూర్చోవడమే నయమని కనకరాజు దాని మీద కూర్చున్నాడు. తలగుడ్డ కట్టుకుని, వెనక్కి వాలి, కాళ్ళు ముందుకు చాచుకుని, బంతిపువ్వు రంగు సీటులో ఆయన ముమ్మిడివరం సెంటరు దాటుతుంటే టీ కొట్టు దగ్గరున్న వాళ్ళు గ్లాసులు దించి చూశారు.

"ఏం కనకరాజుగారూ, ఊరేగింపా? పెళ్ళికూతురేదండీ?" అని ఎవరో అరిచారు.

"వెనకాల వస్తందిలే, నువ్వు దణ్ణం పెట్టుకో" అన్నాడు కనకరాజు. పొద్దుటినుంచి ఆయన అన్న మొదటి సరదా మాట అదే. డ్రైవరు పక్కన కూర్చున్న వెంకటదుర్గకి కొంచెం ప్రాణం కుదుటపడింది. మోటారు సైకిలు మీద వెనకాల వస్తున్న నాగబాబు మాత్రం నవ్వలేదు.

తోటలో నాగబాబు తల్లి చిన్నమ్మలు కొబ్బరి మట్టలు చీలుస్తోంది. డెబ్బై దాటిన మనిషి, ఇంకా గొంతు తోట చివరిదాకా వినిపిస్తుంది. "కారు తెస్తానని వెళ్ళి కుర్చీ తెచ్చేవేరా?" అంది.

సీటు దించి, చెట్ల మధ్య, మడతమంచం వేసిన చోటే పెట్టారు. పైన మట్టలు ఒకదాని మీద ఒకటి కప్పుకుని ఉన్నాయి. వాటిలోంచి దిగుతున్న వెలుతురు పచ్చగా, నీళ్ళలోంచి వచ్చినట్టుగా ఉంది. వెంకటదుర్గ దుప్పటి తీసింది.

కుంకుడుకాయ. పండి, ఎండి, చెట్టు కింద రాలిన కుంకుడుకాయ.

నాగబాబు సీటు చుట్టూ తిరిగాడు. వంగి చూశాడు. చేత్తో నిమిరాడు. "ఇదే, ఇదేనమ్మా నేను చెప్పింది!" అన్నాడు. తరువాత సీటుని తనే ఎత్తుకుని నాలుగడుగులు వేసి తోట బయట చెరువుగట్టు మీద పెట్టాడు. బంతిపువ్వు. మళ్ళీ లోపలికి తెచ్చాడు. కుంకుడుకాయ. మూడోసారి ఎత్తబోతుంటే చిన్నమ్మలు "నడుం పట్టేస్తదిరా, నమ్మేం" అంది.

"ఎవరి తప్పూ లేదండి" అంది వెంకటదుర్గ. "మీరు సరిగ్గానే చూపించేరు. మావయ్యగారు సరిగ్గానే రాసేరు."

కనకరాజు లుంగీ మడతల్లోంచి చేతులు తీసి, సీటు అంచున కుట్టు మీద వేలు పెట్టి మెల్లగా చివరిదాకా నడిపించాడు. వేలు వణుకుతూనే ఉంది. "కుట్టు తిన్నగా ఉంది" అన్నాడు.

ఆమె షాపులో పనికి కూర్చున్న ఎనిమిది నెలల్లో ఆయన ఆమెతో అలాంటి మాట అనడం అదే మొదలు.

గర్భగుడిలో దీపం వెలుగులో అమ్మవారి చీర ఒక రంగు. అదే చీర ప్రసాదంగా మనకిస్తే, ఇంటికొచ్చి వాకిట్లో విప్పితే ఇంకో రంగు. ఏది అమ్మవారి రంగు? మనుషుల్ని కూడా మనం ఎప్పుడో ఏదో నీడలో చూసి, వీళ్ళింతే అని నంబరు రాసేసుకోవడం లేదూ? వెంకటదుర్గకి ఇంత ఆలోచన వచ్చిందో లేదో నాకు తెలియదు. ఆమెకప్పుడు ముందున్న పనే కనబడుతోంది.

"మరిప్పుడేంటి దారి?" అన్నాడు నాగబాబు. "శుక్రవారానికి నాకు బండి కావాలి."

"ఈ కారు ఎక్కడ తిరుగుతుందండి?"

"హైవే మీద. యానాం వంతెన దాటించి కాకినాడ దాకా పోనిస్తాను. తోటలో దీనికేం పని? మా వీధి స్పీడ్ బ్రేకరే దాటలేదు, కడుపు తగిలేస్తంది."

"అయితే ఎండలోనే ఎంచాలండి. ఈసారి మీరు కాదు, నేను చెప్తాను. ముందు వినండి, నచ్చకపోతే కాదనండి."

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. కనకరాజు తలెత్తి చూశాడు. నాగబాబు చెరువుగట్టు మీద గొంతుకూర్చున్నాడు. "చెప్పమ్మా."

"నలుపు వద్దండి. మన ఎండకి పెనం అయిపోతుంది, పంచె ఉన్నా తొడలు కాలతాయి. మీగడ రంగు చూడ్డానికి బాగుంటుంది. కాని మనం తలకి రాసుకునే కొబ్బరినూనెకి నెల తిరక్కుండా మీ తలకాయ అచ్చు పడిపోతుంది. అందుకని సీట్లకి గచ్చకాయ రంగు. ఇదిగో, ఇరవై రెండు. మబ్బుపట్టిన రోజున మీ చెరువు నీళ్ళ రంగు ఇలాగే ఉంటుంది. తల ఆనేచోట మాత్రం నేరేడుపండు రంగు, దిండు గలీబులాగా జిప్పుతో ఊడొచ్చేటట్టు. వారానికోసారి ఉతుక్కోవచ్చు. డోర్లకి లోపలివైపు కోరా రంగు, సన్నగా. స్టీరింగుకి మళ్ళీ గచ్చకాయే."

"మరి ఈ బంతిపువ్వు?"

"పారెయ్యక్కర్లేదండి. సన్నటి పట్టీలు కోసి సీటు చుట్టూ అంచు వేస్తాను, చీరకి అంచులాగా. తలుపు తీసినప్పుడు మాత్రం మెరుస్తుంది. మిగిలింది మా ఆటోవాళ్ళు ఎగరేసుకుపోతారు."

నాగబాబు ఇరవై రెండో ముక్కని ఎండలో పట్టుకున్నాడు. తరువాత లేచి చెట్ల కిందకి వెళ్ళి అక్కడా చూశాడు. మళ్ళీ ఎండలోకి వచ్చాడు. "రెండుచోట్లా గచ్చకాయే!" అన్నాడు ఆశ్చర్యంగా. "ఏ పార్టీదీ కాదు."

"తోలు కాదు కదమ్మాయ్?" అడిగింది చిన్నమ్మలు. "నేను శనివారం శనివారం అంతర్వేది వెళ్ళే మనిషిని."

"కాదండి. అచ్చం తోలులా ఉంటుందంతే."

"అయితే సరే. పైన ప్లాస్టిక్కు మాత్రం మందంగా వెయ్యి. మా సోఫాకి ఆరేళ్ళయింది, ఇంకా తియ్యలేదు. కొత్తలాగే ఉంది."

"వెయ్యనండి."

చిన్నమ్మలు చేతిలోని మట్ట కింద పెట్టింది. కొత్త సీటుకి ప్లాస్టిక్కు వెయ్యననడం ఆవిడ ఇంతవరకు విని ఉండదు. "వెయ్యవా?"

"మీ పెళ్ళి పట్టుచీర కవర్లో ఉంచే కట్టుకున్నారా అండీ?"

చిన్నమ్మలు విరగబడి నవ్వింది. "నోరుందిరా దీనికి! అదీ నిజమేలే. ఎండాకాలం ఆ సోఫా మీంచి లేస్తే సగం చర్మం అక్కడే ఉండిపోతంది."

పని కుదిరినట్టే. వెంకటదుర్గ పుస్తకం మూస్తూ, కుట్టుపనివాళ్ళు అడిగే మామూలు ప్రశ్న అడిగింది.

"ఈ కారు సీటు అన్ని సీట్లలా కాదండి. నడుముకి రెండు పక్కలా గట్టులా ఉంటుంది. ఆ గట్ల మధ్య మనిషి సరిగ్గా ఇమడాలి. లేకపోతే మలుపులో ఒరిగిపోతారు. కుడిసీటుకి మీ కొలత ఉంది. ఎడంసీటు ఎవరిదండి?"

"అమ్మది" అన్నాడు నాగబాబు, చెరువు వైపు చూస్తూ.

"నాదెందుకురా? పడుకుని తోలే బండి అది. నన్నెక్కించడానికి ఇద్దరు, దింపడానికి నలుగురు కావాలి. కుట్టే పిల్లతో కూడా అబద్ధమేనా?" అంది చిన్నమ్మలు. వెంకటదుర్గ వైపు తిరిగింది. "మా కోడలిదమ్మా. రామలక్ష్మిది. మూడు నెలలైంది పుట్టింటికి పలివెల వెళ్ళి."

మిగతాది నాగబాబే చెప్పాడు, మాట మాటకీ ఆగుతూ. రెండేళ్ళు వరసగా రొయ్యకి జబ్బు. రాత్రీ పగలూ చెరువుగట్టు మీదే పాకలో ఉన్నాడు. రొయ్యలకి గాలి అందించేందుకు నీళ్ళలో తిరిగే చక్రాల చప్పుడు ఆగితే మెలకువ వచ్చేది, భార్య పిలిస్తే వచ్చేది కాదు. ఒకరోజు ఆమె క్యారియరు పాకలో పెట్టి, "నాకంటే రొయ్యలకే మీ మొహం బాగా తెలుసండి" అని చెప్పి బస్సెక్కింది. ఆ తరువాత పంట పండింది.

"శుక్రవారం ఆ కారేసుకుని వెళ్ళి తీసుకొద్దామని. ఇద్దరమే కూర్చునే బండి కావాలనుకున్నాను. వెనక సీటుంటే మేత బస్తాలు వేసేస్తాను, నా బుద్ధి నాకు తెలుసు" అన్నాడు.

ఇంత ఖరీదైన కారు ఎందుకు కొన్నాడా అని అమలాపురంలో నలుగురూ నాలుగు రకాలుగా చెప్పుకున్నారు. ఈ సంగతి ఎవరూ ఊహించలేదు.

"కొలత లేకుండా కుట్టలేనండి" అంది వెంకటదుర్గ మెల్లగా.

"నువ్వే వెళ్ళి తీసుకురామ్మా. నేను పంపేనని మాత్రం చెప్పకు."

"నాకు అబద్ధం రాదండి. ఉన్నదున్నట్టు చెప్తాను."

నాగబాబు గట్టు మీది గడ్డిపరక ఒకటి పీకి చెరువులోకి విసిరాడు. చివరికి "నీ ఇష్టం" అన్నాడు. "కాని ఎడంసీటు కుదిరితేనే ఈ పని కుదిరినట్టు. అది లేకపోతే నాకీ కారే అక్కర్లేదు. సీట్లు ఊడదీసినవి ఊడదీసినట్టే అమ్మేస్తాను."

తిరిగి వచ్చేటప్పుడు కనకరాజు సీటు మీద కూర్చోలేదు, కోడలి పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. "విన్నావుగా" అన్నాడు. "ఆ కొలత వస్తే షాపు నీదే. రాకపోతే నేను చేసేదేం లేదమ్మా, ఒకటో తారీకున తాళాలిస్తానని మాటిచ్చేసేను."

మంగళవారం పొద్దున్నే వెంకటదుర్గ కొత్తపేట బస్సెక్కింది. పలివెలలో దిగి ముందు గుడికి వెళ్ళింది. అక్కడి కొప్పున్న శివుడికి దణ్ణం పెట్టి, ఏమడగాలో తోచక, "అందరికీ మంచిది ఏదైతే అది" అని ఊరుకుంది.

రామలక్ష్మి ముప్పై ఏళ్ళ మనిషి, పొట్టిగా, చురుగ్గా ఉంది. కథంతా వాకిట్లో నిలబడే వింది. సన్యాసి సీటు దగ్గర నవ్వు ఆపుకోలేకపోయింది. గచ్చకాయ ముక్క తీసుకుని ఎండలోకి నడిచి చూసింది. ఆడమనిషి కదా.

"ఇది ఎవరెంచేరు?"

"నేనేనండి."

"నువ్వు చెప్తే ఆయన విన్నారా?"

"ఆయ్. గట్టు మీద కూర్చుని ఆఖరిదాకా విన్నారండి."

రామలక్ష్మి ఆ ముక్కని చాలాసేపు చేతిలో నలుపుతూ ఉండిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయేమో, కొంగుతో ఒకసారి ఒత్తుకుంది. తరువాత కొంగు నడుముకి దోపుకుని, చేతులు పక్కలకి చాపి నిలబడింది. వెంకటదుర్గ గబగబా టేపు తీసింది.

"ఆగమ్మా. ఏ సీటుకి కొలత?"

"ఎడంసీటుకండి."

రామలక్ష్మి చేతులు దించేసింది. లోపలికి వెళ్ళి, బీరువా తలుపు చప్పుడు చేసి, ఒక చిన్న కార్డు పట్టుకుని వచ్చింది. ఆమె ఫోటో ఉన్న డ్రైవింగ్ లైసెన్సు. అంచులు ఇంకా కొత్తగా ఉన్నాయి.

"మూడు నెలలు నేనిక్కడ ఊరికే కూర్చోలేదు. కిందటి వారమే వచ్చింది ఇది" అంది. "కొలత ఇస్తాను. స్టీరింగు ముందున్న కుడిసీటుకి. ఆయన్ని ఎడంపక్కన కూర్చోమను. అలాగైతే శుక్రవారం వస్తాను, లేకపోతే ఆయన రానవసరం లేదని చెప్పు."

కుడిసీటు నాగబాబు తన కొలతకి కుట్టించుకున్నది, ఎడంసీటు కొలత లేనిదే షాపు దక్కదు; వెంకటదుర్గ టేపుని వేలికి చుట్టుకుంది.

"ఏమ్మా, తీసుకుంటావా? వెళ్ళిపోతావా?"